నాయనతో స్కూబాకు సిద్ధమవుతూ: కంబదూరు నుంచి అనంతపురం దాకా

మురుడేశ్వర్ దగ్గర సముద్రంలో స్కూబా డైవింగ్ చేయాలన్న కోరిక మా ఇంట్లో మొదట పుట్టింది నాకు కాదు, మా నాయనకు. నాయన బావులు తవ్వే మేస్త్రి. కంబదూరు చుట్టుపక్కల బోర్లు ఎండిపోయాక, పాత బావుల్లోనే అడుగున రాయి కొట్టించి ఇంకొంత లోతు చేయించుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఆయనా, ఆయన జట్టూ కావాలి. నేను హిందూపురం దగ్గర ఒక బట్టల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేనే. ఒక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు, సముద్రం అడుగున ఈదుతున్న మనిషి వీడియో ఒకటి ఫోన్‌లో చూపించాను. నాయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దాన్ని మళ్లీ మళ్లీ చూశాడు.

"పాపా, ఈయప్ప ఊపిరి యాడ తీసుకుంటాండాడు?"

"వీపు మీద సిలిండర్ ఉండాది చూడు నాయనా. దాంట్లో గాలి నింపింటారు."

"అంటే కంప్రెషరు వీపుకు కట్టుకొని దిగినాడన్న మాట!" నాయనకు కంప్రెషరంటే బావి గట్టున ట్రాక్టరుకు తగిలించి ఉండేది, రాయి కొట్టే మిషన్‌కు పైపులో గాలి పంపేది. "మా గాలి రాయి పగలగొట్టేదానికి, ఈయప్ప గాలి బతికేదానికి."

అన్నాల దగ్గర కూడా ఆయన ధ్యాస దాని మీదే ఉంది. "నీళ్ల కోసమని ఇన్నేండ్లు కిందికి దిగినా. నీళ్లు పడంగానే పైకి ఎక్కండప్పా అంటారు. నీళ్లల్లో ఉండి చూసింది మాత్రం ల్యా" అన్నాడు.

"చూసేదానికి ఏముంటాది? నీళ్లల్లో నీళ్లే ఉంటాయి" అంది అమ్మ, ఆయన కంచంలో ఇంకో ముద్ద పెడుతూ.

నాయన అన్న మాటతోనే నేను ప్రయాణం ఆలోచించడం మొదలుపెట్టాను. మన వైపు నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు దారి కష్టమేమీ కాదు. కళ్యాణదుర్గం నుంచి పావగడ మీదుగా బెంగళూరుకు బస్సులో వెళ్లి, సాయంత్రం కార్వార్ వైపు వెళ్లే రైలెక్కితే తెల్లవారేసరికి మురుడేశ్వర్. అక్కడి నుంచి నేత్రాణి దీవి దాకా పడవలో గంటా గంటన్నర. వానాకాలంలో పడవలు నడవవు. దసరా వెళ్లాక మొదలై వేసవి దాకా నడుస్తాయి. ఈత రాకపోయినా గైడు చెయ్యి పట్టుకుని దింపుతాడు. మనిషికి నాలుగైదు వేలు అవుతుంది. దిగనివాళ్లు తక్కువ ఖర్చుతో పడవలో కూర్చుని రావచ్చు. నేను ఫోన్ చేసిన డైవింగ్ వాళ్లు కన్నడంలోనే మాట్లాడారు. మా వైపు వాళ్లకు అది ఇబ్బంది కాదు. వాళ్లు రెండు విషయాలు గట్టిగా చెప్పారు. యాభై దాటిన మనిషి కాబట్టి ఊపిరితిత్తులు, చెవులు డాక్టరుకు చూపించి రమ్మన్నారు. నోటితో ఊపిరి తీసుకోవడం దగ్గరలో ఎక్కడైనా ఈతకొలనులో అలవాటు చేసుకుంటే మంచిదన్నారు. ఈ రెండూ ఒకే రోజులో అయిపోతాయని నేనూ నాయనా అమ్మా అనంతపురం బయలుదేరాం.

కంబదూరులో ఉదయం ఆరు గంటల బస్సు దొరికింది. ఇప్పుడు ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ డబ్బులు లేవు కాబట్టి, డబ్బు పెట్టింది నాయన ఒక్కడే. కండక్టరు నవ్వాడు. "ఏమప్పా, ఇద్దరు ఆడోళ్లను ఎంటబెట్టుకొని యాడికి?"

"సముద్రానికి" అన్నాడు నాయన.

"ఈ బస్సు అంత దూరం పోదు. కళ్యాణదుర్గానికి కొట్టేదా?"

కళ్యాణదుర్గంలో బస్సు మారి, అనంతపురంలో దిగేసరికి ఎనిమిదిన్నర అయింది. దారి పొడవునా వేరుశనగ చేలు, మా మాటలో చెనిక్కాయలు. కాయ కట్టే ఊడలు దిగే సమయంలో వాన తప్పింది. ఆకులు పొద్దెక్కకముందే ముడుచుకుని ఉన్నాయి. కొన్ని చేలల్లో అప్పుడే గొర్రెలను వదిలేశారు. అంటే ఆ రైతులు ఇక ఆశ వదులుకున్నట్టే. నాయన కిటికీ పక్కన కూర్చుని చేలను కాకుండా బావులను చూస్తూ వచ్చాడు. ఒక్కోచోట మెల్లగా, "అది మేము కొట్టిందే" అన్నాడు. ఆ బావుల గట్ల మీద తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి.

ఈతకొలను ఊరి చివర ఉంది. ప్రైవేటుది. గంటకు మనిషికి రెండు వందలు తీసుకున్నారు. కళ్లకు పెట్టుకునే మాస్కు, నోట్లో పెట్టుకునే స్నార్కెల్ గొట్టం వాళ్లే ఇస్తారు. నేర్పే ఆయన బాషా మాస్టరు. కొన్నేళ్లు గోవాలో పనిచేసి వచ్చాడట. కొలను చూడగానే అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇన్ని నీళ్లు పెట్టుకొని ఒక్క బట్టా ఉతకల్యా వీళ్లు!"

నాయన చెప్పులు విప్పి, గట్టున వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని కళ్లకద్దుకుని, కొంచెం నోట్లో పోసుకున్నాడు. బావిలో కొత్త నీళ్లు పడినప్పుడు అలాగే చేస్తాడు. ఉప్పా తీపా అని మొదట రుచి చూసి చెప్పాల్సింది మేస్త్రే.

"అన్నా, అన్నా! తాగొద్దన్నా, మందు కలిపినాం!" అని బాషా మాస్టరు పరిగెత్తుకొచ్చాడు.

నాయన ఉమ్మేసి, మొహం చిట్లించి, "ఈ బావికి నేను దుడ్లు తీసుకునేవాణ్ణి కాదు" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజు మేము నవ్వింది అప్పటి వరకే అనుకుంటాను.

ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, మొహం ముంచి, గొట్టంతో ఊపిరి తీసుకుని వదలాలి. చేయాల్సింది అంతే. నాకు నాలుగైదు సార్లలో వచ్చేసింది. నాయన మొహం ముంచాడు. గొట్టం పైకి నిలబడే ఉంది కానీ అందులోంచి గాలి వస్తున్న చప్పుడు లేదు. చాలాసేపటికి మొహం ఎత్తి, ఒక్కసారిగా ఊపిరి వదిలాడు.

"అన్నా, ఊపిరి బిగబట్టినావు. బిగబట్టకూడదు. స్కూబాలో మొదటి రూలే అది. కింద సిలిండర్ గాలి పీల్చి బిగబట్టుకొని పైకొస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి. తీసుకుంటా వదులుతా ఉండాల."

"సరే సార్" అన్నాడు నాయన. మళ్లీ ముంచాడు. మళ్లీ బిగబట్టాడు. ఎన్నిసార్లు చేసినా అంతే.

"ఏమప్పా, చెప్పింది అర్థమైతాందా ల్యాదా?" అని గట్టు మీంచి అమ్మ అరిచింది.

"అర్థమైతాందే. ముక్కు మూతి మునగంగానే అదే మూసుకుంటాంది. నేనేం చేసేది?"

అప్పుడు ఆయన చెప్పాడు. బావి అడుగున మిషన్ పెట్టి రాయిని తొలుస్తున్నప్పుడు పిండిలా దుమ్ము లేస్తుంది. మూతికి తడి తువ్వాలు కట్టుకున్నా ఆగదు. అందుకని మిషన్ ఆన్ చేయగానే ఊపిరి బిగబట్టి, తట్టుకోలేనంత వరకు కొట్టి, ఆపి, మొహం పక్కకు తిప్పి ఒక్క గుక్క పీల్చుకుని, మళ్లీ బిగబడతారు. పనిలోకి వచ్చే ప్రతి కుర్రవాడికీ మొదట నేర్పేది ఇదే. నేర్పింది నాయనే. ఇన్నేళ్లుగా ఊపిరి బిగబట్టడమే ఆయనకు ప్రాణాలు కాపాడుకునే పద్ధతి. ఇక్కడ దాన్నే వద్దంటున్నారు.

బాషా మాస్టరు కాసేపు ఆలోచించాడు. "అన్నా, బావిలో రాయి పగలడానికి తూటా పేల్చేముందు మీరు ఏమని అరుస్తారు?"

"తూటా హోయ్, అని. గట్టున ఎవురూ ఉండకుండా."

"అదే అరువు. గొట్టంలో అరువు. అరిస్తే గాలి బయటికి పోవాల్సిందే కదా."

నాయన మొహం ముంచాడు. గొట్టంలోంచి "తూటా హో...య్" అని వింతగా, ఎక్కడో దూరంగా పిలిచినట్టు వినిపించింది. పక్కన ఈత నేర్చుకుంటున్న పిల్లలు తిరిగి చూశారు. అరుపు, తర్వాత గుక్క. అరుపు, గుక్క. కొంతసేపటికి అరుపులు ఆగి ఊపిరి చప్పుడు ఒక్కటే మిగిలింది. నాయన అలా మొహం కిందికి పెట్టి, చేతులు చాపి, కొలను అడుగున ఉన్న నీలం రంగు పలకలను చూస్తూ ఉండిపోయాడు. నేను గట్టు పట్టుకుని చూస్తున్నాను. ఆయన వెళ్లగలడనీ, మేము ముగ్గురం వెళ్లబోతున్నామనీ నాకు పూర్తిగా నమ్మకం కలిగింది అప్పుడే.

లేచి నిలబడగానే దగ్గు మొదలైంది. ఇంట్లో రోజూ వినే దగ్గే. పొద్దున లేవగానే వస్తుంది, బీడీ దగ్గు అనుకునేవాళ్లం. కానీ ఇక్కడ అది ఆగలేదు. గట్టు పట్టుకుని వంగిపోయాడు. పెదవుల రంగు మారింది. బాషా మాస్టరు, నేను చెరో చెయ్యి పట్టి పైకి లాగాం. అమ్మ తన చెంగుతోనే ఆయన వీపు తుడుస్తూ నిలబడింది.

దగ్గు తగ్గాక మాస్టరు నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, నేను డాక్టర్ను కాను. కానీ ఈ దగ్గు చూపించకుండా ఎవురి దగ్గరికీ పోవద్దండి. మురుడేశ్వర్‌లో మీరు దుడ్లు కట్టినా వాళ్లు దింపరు. దింపితే ఇంకా తప్పు." తర్వాత మా డబ్బులో నాయన వంతు వెనక్కి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు.

ఛాతీ డాక్టరు దగ్గరికి పదకొండు గంటలకు చేరాం. ముందే ఫోన్ చేసి పేరు రాయించుకున్నా రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. అనంతపురంలో ఈ పని పెట్టుకునేవాళ్లు సగం రోజు దీనికే వదిలేసుకోండి. ఎక్స్‌రే తీశారు, గొట్టంలో గట్టిగా ఊదించి చూశారు. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురు పెట్టె మీద పెట్టింది. ఊపిరితిత్తుల పైభాగమంతా తెల్లటి చుక్కలు. నాకు వాటి అర్థం తెలియదు కానీ అవి అక్కడ ఉండకూడదని చూడగానే తెలిసింది.

"ఏం పని చేస్తావు పెద్దాయనా?"

"బావులు కొడతానమ్మా."

"రాయి పొడిగా తొలుస్తారా, నీళ్లు పోసి తొలుస్తారా?"

"నీళ్లుంటే మమ్మల్ని ఎందుకు పిలుస్తారమ్మా?"

ఆమె నవ్వలేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, చేరింది ఇక బయటికి రాదని, మందులు దగ్గుకూ ఆయాసానికీ పనిచేస్తాయి కానీ ఆ మచ్చలను తీసేయలేవని నిదానంగా చెప్పింది. టీబీ కూడా ఉందేమో చూడాలని తెమడ పరీక్ష రాసింది. స్కూబా గురించి నేను అడిగాను. నీళ్ల కింద ఒత్తిడి మారుతుంది, ఇలా గట్టిపడిన ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు, సిలిండర్ తగిలించుకుని దిగడానికి ఒప్పుకునేది లేదంది. పడవలో కూర్చోవచ్చు, ఒడ్డున తిరగవచ్చు.

నాయన తల ఊపాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు. "సముద్రం పోనీలేమ్మా. బావిలోకి దిగొచ్చా?"

"ఎందుకు దిగడం?"

"పని ఉండాది కదా."

"అదే వద్దు పెద్దాయనా. సముద్రం ఎప్పుడో ఒక్క రోజు మాట. రోజూ పీల్చే ఆ దుమ్ము అసలే వద్దు. ఇకమీదట పీల్చే ప్రతి గుక్కా దీన్ని పెంచుతుంది."

నాయన గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడు. అమ్మ లేచి వెళ్లి, దాన్ని విప్పి, సరిగ్గా పెట్టింది. సముద్రం కోసమని పొద్దున బయలుదేరిన మేము, మధ్యాహ్నానికి బావి గురించి మాట్లాడుకుంటున్నాం.

బస్టాండు దగ్గర ఒక మెస్‌లో భోజనానికి కూర్చున్నాం. రాగిసంకటి, ఆకుకూర పప్పు, చెనిక్కాయల చట్నీ. ముగ్గురికీ కలిపి మూడు వందల లోపే అయింది, రుచి కూడా బాగుంటుంది. వండి వడ్డించే ఆమె నాయన విస్తరి చూసి ఆగింది. "ఏమన్నా, సంకటి పెట్టింది పెట్టినట్టే ఉండాది? ఉప్పు తక్కువైనాదా?"

"ఉప్పు సరిగ్గానే ఉండాదమ్మా. ఆకలే ల్యా."

"తినకపోతే పాపం మీ యింటామె నన్ను తిట్టుకుంటాది" అంటూ ఆమె ఇంకాస్త నెయ్యి వేసి వెళ్లింది. నాయన ఆమె కోసం రెండు ముద్దలు మింగాడు.

తిరుగు బస్సెక్కాం. ఊరు దాటాక నాయనే మొదలుపెట్టాడు. "రాజప్ప బావి సగంలో ఉండాది. అదొక్కటీ అయిపోతే ఇంక పోను."

రాజప్ప మా పక్క ఊరి రైతు. బావి పనిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున మేస్త్రి ఒక్కడే ముందు దిగుతాడు. ముందురోజు తూటాలకు వదులైన రాళ్లు ఎక్కడైనా వేలాడుతున్నాయేమో గునపంతో తట్టి చూసి, అడుగు నుంచి పైకి "దిగొచ్చు" అని కేక వేస్తాడు. ఆ కేక వినబడేదాకా జట్టులో ఎవ్వరూ కాలు పెట్టరు. మేస్త్రి దిగకపోతే ఆ రోజుకు పని లేదు. ఒక మేస్త్రి మొదలుపెట్టిన బావిని ఇంకో జట్టు ముట్టుకోదు కూడా. కాబట్టి నాయన మానేస్తే రాజప్ప బావి అలా సగంలో ఉండిపోతుంది.

"తిప్పేస్వామి ఉన్నాడు కదా నాయనా. ఆయన దిగకూడదా?" అన్నాను. తిప్పేస్వామి జట్టులో నాయన తర్వాత పెద్దవాడు.

"వానికి ఇచ్చినానంటే ఇంక జట్టు వానిదే పాపా. మళ్లీ నాది కాదు."

"కాకపోతే పోనీ."

"నీకు అట్లే ఉంటాది. నెల కాంగానే జీతం వస్తాది."

ఆ మాట నాకు తగిలింది. జవాబు చెప్పింది అమ్మ. అంతసేపూ ఎక్స్‌రే కవరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి, నాయన వైపు తిరక్కుండానే అంది. "రేపు నువ్వు దిగు. నీ ఎనకాలే నేనూ దిగుతా. నీ పక్కనే కూచొని ఆ దుమ్ము నేనూ పీలుస్తా. నీకు వచ్చేది నాకూ వస్తాది. ఇంక ఎవురు ఎవుర్ని చూసుకోవాలని కొట్లాట ఉండదు."

"పిచ్చిదానివా ఏమే?"

"ఔ. దిగి చూడు."

ముందు సీట్లోని ముసలాయన వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు.

మర్నాడు ఉదయం మేము ముగ్గురం రాజప్ప చేనికి నడిచి వెళ్లాం. అమ్మ నిజంగానే చీర గోచీ పోసి కట్టుకుని వచ్చింది. జట్టువాళ్లు గట్టున నిలబడి ఉన్నారు. నాయన వంగి బావిలోకి చూశాడు. అమ్మను చూశాడు. తర్వాత గునపం తీసి తిప్పేస్వామి చేతికిచ్చాడు. "పడమటి పక్క పెద్ద రాయి మీద నాకు అనుమానంగా ఉండాది. ముందు దాన్ని తట్టు."

తిప్పేస్వామి అర్థం కానట్టు చూశాడు. "నువ్వు రావా అన్నా?"

"డాక్టరు వద్దన్యాది."

"ఎన్నాళ్లు?"

నాయన తాడు ముడిని ఒకసారి లాగి చూశాడు. తిప్పేస్వామి కాసేపు గునపాన్ని చేతులు మార్చుకుంటూ నిలబడి, తాడు పట్టుకుని దిగాడు. కింద గునపం చప్పుడు వినిపించింది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. తర్వాత లోతులోంచి "దిగొచ్చు" అని కేక వచ్చింది. జట్టువాళ్లు ఒక్కొక్కరే దిగారు. ఎప్పుడూ తానే కింది నుంచి వేసే ఆ కేకను నాయన మేస్త్రి అయ్యాక పైనుంచి వినడం అదే మొదటిసారి. అందరూ దిగిపోయాక కూడా ఆయన గట్టునే నిలబడ్డాడు. మిషన్ మొదలై తెల్లటి దుమ్ము బావి నోటిదాకా లేచింది. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని గాలి అవతలి పక్కకు తీసుకెళ్లింది. ఆయన వెళ్లాడు.

మా ప్రయాణం రద్దు కాలేదు. నేను ముందే తీసిపెట్టిన రైలు టికెట్లు అలాగే ఉన్నాయి. డైవింగ్ వాళ్లకు ఫోన్ చేసి, దిగేది ఒక్కరు, పడవలో కూర్చునేవాళ్లు ఇద్దరు అని మార్పించాను. నిజం చెప్పాలంటే నాకిప్పుడు సముద్రం మీద ఏ ఉత్సాహమూ లేదు. నేనూ పడవలోనే కూర్చుంటానంటే నాయన కోప్పడ్డాడు. ఇప్పుడు ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడు. ఏం చేయాలో తెలియక వాకిలి చిమ్ముతున్నాడు, ఎవరైనా బావి గురించి అడగడానికి వస్తే తిప్పేస్వామి పేరు చెప్పి పంపిస్తున్నాడు. తెమడ పరీక్షలో టీబీ లేదని వచ్చింది. మాకు దక్కిన మంచి వార్త అదొక్కటే. మిగతా జట్టువాళ్లను కూడా ఎక్స్‌రేకు తీసుకెళ్లాలని అడుగుతున్నాను. పని పోతుందన్న భయంతో ఇప్పటిదాకా ఒక్కరే ఒప్పుకున్నారు. పొడి రాయి తొలిచేటప్పుడు బిందెడు నీళ్లు పోస్తూ తొలిస్తే దుమ్ము లేవదని డాక్టరమ్మ చెప్పింది. ఆ బిందెడు నీళ్లు తెప్పించే పూచీ నాదని రాజప్పకు చెప్పాను. రోజూ ట్యాంకర్ దగ్గర నిలబడి పంపిస్తున్నది అమ్మ.

మీరు కూడా కుటుంబంతో స్కూబాకు వెళ్లాలనుకుంటే నేను చెప్పగలిగిన సలహా ఒకటే. టికెట్లు, పడవ, హోటల్ అన్నీ తర్వాత; ముందు అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించండి. మీ ఇంట్లో బావులు తవ్వినవాళ్లు, క్వారీలో పనిచేసినవాళ్లు, బండలు కోసినవాళ్లు ఎవరైనా ఉంటే, సముద్రం ఆలోచన లేకపోయినా తీయించండి.